నడిమధ్య కుర్చీ

మా పాత చర్చిలో నడిమధ్య ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. తలుపులోంచి చూస్తే ఎడమవైపు మగవాళ్లు, కుడివైపు ఆడవాళ్లు, ముందర ఈతచాపల మీద పిల్లలం. ఆ రెండు వైపులకూ నడుమ నాలుగు నాపబండల వెడల్పున ఖాళీ దారి ఉండేది. పెళ్లికూతురు ఆ దారిన నడిచి వచ్చేది. ఎవరైనా ప్రభువులో నిద్రిస్తే శవపెట్టెను ఆ దారిలోనే రెండు బల్లల మీద ఉంచేవాళ్లు. ఆ రెండూ తప్పితే, పాట జరుగుతున్నప్పుడు ఆ బండల మీద నిలబడిన మనిషి మా నాయన ఒక్కడే. ఆయన ఆ సంఘానికి ఉపదేశి. పాదిరి అయ్యగారు నెలకొకసారి వచ్చి రొట్టె, ద్రాక్షరసంతో సంస్కారం ఇచ్చిపోతే, మిగిలిన ఆదివారాలన్నీ నాయన చేతి మీదే నడిచేవి. కాబట్టి సంఘమంతా పాడుతుంటే నట్టనడుమ నిలబడిన మనిషికి ఎట్లా వినిపిస్తుందో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు కూడా. డెబ్బై దాటిన తర్వాత నంద్యాలలో ఒక మేడ మీద, కిటికీలు లేని గదిలో, నన్ను సరిగ్గా ఆ చోట కూర్చోబెట్టారు. అది జరిగి కొన్ని నెలలయింది. నేను విన్నది ఏది, వినాల్సింది ఏది అన్న గలిబిలి అప్పటినుంచి నన్ను విడవలేదు. అందుకే ఇది రాస్తున్నాను. రాస్తే తేటపడుతుందన్న ధైర్యం మాత్రం లేదు.

మా పల్లె ఆళ్లగడ్డకు నడిచిపోయేంత దగ్గర. అక్కడి చర్చి దూలాలకు చెదలు పట్టి, ఒక గోడ నిలువునా పగులిచ్చింది. పడగొట్టి కొత్తది కట్టాలని సంఘం తీర్మానించింది. పడగొట్టే ముందు ఆఖరి ఆరాధనను రికార్డు చేయించాలని మా సంఘ సెక్రటరీ ప్రకాశానికి తోచింది. కొత్త చర్చిలో నాలుగు వైపులా స్పీకర్లు పెట్టిస్తున్నారు. ప్రతిష్ఠ రోజున, పాత గోడల మధ్య పాడిన పాట ఆ స్పీకర్లన్నింటిలోంచీ వచ్చి జనాన్ని చుట్టుకోవాలని అతని కోరిక. "పాత గుడి ఎగిరొచ్చి కొత్త గుడిలో కూసోవాల టీచరక్కా" అన్నాడు ఫోనులో. మంచి కోరికే. ఆ ఆరాధన రోజు నేను జ్వరంతో నంద్యాలలోనే పడుకొని ఉన్నాను. "నువ్వు ఉపదేశి కూతురివి, సదువుకున్నదానివి. స్టూడియోకు పోయి, ఇని, సరే అను. నువ్వు సరే అంటే సంఘమంతా సరే అన్నట్టే" అని నన్ను ఒప్పించాడు. నేను వెళ్లే ముందురోజు మళ్లీ ఫోను చేసి, గొంతు తగ్గించి, అసలు సంగతి చెప్పాడు.

"ఎనకాల కుడిపక్క పెట్టిన మైకులో శాంతమ్మక్క గొంతు పడిందక్కా. పాట కంటే ముందే ఏందేందో అంటాంది. అందరూ ఒక లైను పాడ్తాంటే ఆయమ్మ ఇంకో లైను అందుకుంటాంది. పాటంతా చెడిపోయింది. మేము తీసేయమంటే బాగుండదు. నువ్వు సొంత చెల్లెలివి గదా, స్టూడియో ఖాజాకు నువ్వే ఒక మాట చెప్పు."

శాంతమ్మ నా అక్క. నాకంటే ఆరేళ్లు పెద్దది. కొన్నేళ్లుగా ఆమె జ్ఞాపకం చెదిరిపోయింది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతుంది. కోడలిని మా అమ్మ పేరుతో పిలుస్తుంది. ఎప్పుడో చనిపోయిన వాళ్లకు విస్తరి వేయమంటుంది. "సరేలే ప్రకాశం, చెప్తాను" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే మంచిది.

మా ఇల్లు చర్చి గోడకు ఆనుకొని ఉండేది. రెండు గదులు, బండలు పరిచిన మిద్దె, వాకిట్లో ఒక బర్రె. పొద్దున్నే ప్రార్థన కాకముందు పొయ్యి రాజేయకూడదని నాయన నియమం. అమ్మ పొయ్యి అలికి, కందికట్టెలు పేర్చి, అగ్గిపెట్టె ఒడిలో పెట్టుకొని కూర్చునేది. అలికిన మన్ను వాసన, పక్కనే తడిపి పెట్టిన జొన్నపిండి వాసన, నాయన భుజం మీది తువ్వాలుకు పట్టిన ఆముదం వాసన, ఈ మూడూ కలిస్తే నాకు ఈనాటికీ ప్రార్థన వాసన. నాయన ఒక వాక్యం చెప్పేవాడు. అక్కా, నేనూ, అమ్మా వరసగా తిరిగి చెప్పాలి. ఎవరు తడబడినా మళ్లీ మొదటినుంచి మొదలు. తడబడేది ఎప్పుడూ నేనే. నావల్ల రొట్టె ఆలస్యమయ్యేది. అక్క ఒక్కసారి వింటే చాలు, ఒక్క పొల్లు కూడా జారకుండా తిరిగి చెప్పేది. "శాంతికి చెవులే పుస్తకం" అనేవాడు నాయన. ఆ మాటలో మెచ్చుకోలు ఎంతో, తనకు తాను చెప్పుకున్న సమాధానం ఎంతో ఇప్పుడు నేను విడదీయలేను. ఎందుకంటే అమ్మకు నడుము పడిపోయిన ఏడాది అక్కను బడి మాన్పించారు. అప్పటికి ఆమె అక్షరాలు కూడా పూర్తిగా దిద్దలేదు. నన్ను మాత్రం, కాస్త పెద్దదాన్నయ్యాక, నంద్యాల బోర్డింగులో చేర్చారు.

బోర్డింగుకు పోయే రోజు అక్క నా తలకు ఆముదం పట్టించి, కళ్లు పైకి లాక్కుపోయేంత గట్టిగా రెండు జడలు వేసింది. రేకు పెట్టెలో బట్టల కింద ఊరుబిండి పచ్చడి డబ్బా దాచింది. "పాపా, ఆడ నేర్చుకునేదంతా నాకు వొచ్చి చెప్పాల" అంది. చెప్తానన్నాను. మొదటి సెలవులకు నిజంగానే పలక తెచ్చాను. వాకిట్లో కూర్చోబెట్టి వేలు పట్టుకొని దిద్దించాను. రెండు అక్షరాలు రాసేలోపు బర్రె అరిచేది, లేదా అమ్మ పిలిచేది. ఆమె లేచి పోయి వచ్చేసరికి పలక మీది గీతలు చెరిగిపోయి ఉండేవి. "నీకి రాదులే అక్కా" అన్నాను మూడో రోజు. ఆమె పలక తుడిచి నా పెట్టెలో పెట్టేసింది. తర్వాత నేను టీచరునై, ఊళ్లో వాళ్ల పిల్లలందరికీ అక్షరాలు దిద్దించి, పదవీ విరమణ చేసి, పూలదండ వేయించుకున్నాను. ఆ దండ వేసిన రోజు అక్క ముందు వరసలో కూర్చొని చప్పట్లు కొట్టింది.

ఆ రోజుల్లో మా సంఘంలో చదువు వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పాటల పుస్తకాలు మూడో నాలుగో ఉండేవి. అందుకని నాయన పాటను 'అందించేవాడు'. అంటే, ప్రతి వరసనూ రాగం లేకుండా, ఒక్క గుక్కలో, గబగబా ముందు చెప్పేవాడు. సంఘం ఆ వరసను రాగంలో అందుకునేది. వాళ్లు దాని చివరి అక్షరాన్ని సాగదీస్తుండగానే నాయన తర్వాతి వరసను వదిలేవాడు. మా వైపు ఉపదేశి ఎవరో కట్టిన పాట ఒకటి ఉంది. ఏ పుస్తకంలోకీ ఎక్కని పాట. "ఎండిన నా నేలపై మంచువై దిగుమయా" అని నాయన అంటే, ఆ 'దిగుమయా'ను జనం మోస్తుండగానే "పండని నా పొలమును పలకరించి పొమ్మయా" అనేవాడు. మాటా పాటా ఒకదాని మీద ఒకటి ఎక్కి పోయేవి. అదంతా కలిస్తేనే మాకు పాట.

బోర్డింగులో నేను పుస్తకం చూసి పాడటం నేర్చుకున్నాను. అందరం ఒక్కసారిగా మొదలుపెట్టి ఒక్కసారిగా ఆపాలి. శ్వాస కూడా కలిసి తీసుకోవాలి. అట్లా పాడిన తర్వాత ఇంటికొస్తే మా చర్చి పాట నాకు సిగ్గుగా తోచింది. ఒకసారి నాయనతో అనేశాను కూడా, సంతలో ఎద్దుల బేరంలాగా ఉంది నాయనా, ఒకరు అరవడం, పదిమంది తగులుకోవడం అని. నాయన కోప్పడలేదు. తర్వాతి ఆదివారం పాట మధ్యలో వచ్చి నా చేయి పట్టుకొని లేపాడు. అందించడం ఆపకుండానే నన్ను గోడల వెంబడి తిప్పాడు. మగవాళ్ల చివరి మూల కాసేపు నిలబెట్టాడు. ముందరి సంస్కారపు బల్ల పక్కన కాసేపు నిలబెట్టాడు. తర్వాత వెనుక కుడివైపు మూలకు తీసుకుపోయాడు. చంటిపిల్లల తల్లులు, ముసలమ్మలు కూర్చునే చోటు అది. వక్కాకు వాసన, పాలు కక్కిన గుడ్డల వాసన. ఆరాధన అయ్యాక అడిగాడు.

"ఆడ నిలబడితే ఒక సంఘం, ఈడ నిలబడితే ఇంకో సంఘం. యాది నిజమైన పాటో చెప్పు పాపా."

తెలియదని తల అడ్డంగా ఊపాను.

"నాక్కూడా తెల్దు. అందుకే తిరుగుతాంటా" అన్నాడు.

ఆయన పాట జరుగుతున్నంతసేపూ నడిమి దారిలో ముందుకూ వెనక్కూ నడిచేవాడు. ఒక్కో వరస దగ్గర ఆగి, తల వంచి, చెవి పెట్టేవాడు. ఎవరి గొంతు పడిపోతే అక్కడ నిలబడి మరోసారి అందించేవాడు. ఎవరి గొంతు మరీ లేస్తే అరచేయి కిందికి ఆడించేవాడు. అది ఆయన అలవాటు అనుకున్నాను గాని, పని అనుకోలేదు.

ఇక స్టూడియో సంగతి. ఖాజా నాకు కొత్తవాడు కాదు. నంద్యాలలో నా దగ్గర ఆరో తరగతి చదివాడు. వాళ్ల నాయన ఆళ్లగడ్డలో మైకుసెట్టు నడిపేవాడు. మా క్రిస్మసుకూ వాళ్ల ఉరుసుకూ ఒకే రేకు గొట్టం మోగేది. ఇప్పుడు ఖాజాకు తల నెరిసింది. గది బయటే చెప్పులు విడవమన్నాడు. మా గుడి గుర్తొచ్చింది. గోడలకు బొంతల్లాంటి మెత్తని గుడ్డలు కట్టి ఉన్నాయి. లోపల మాట్లాడితే మన మాట పెదవుల దగ్గరే రాలిపోయినట్టుంది. గది నడుమ ఒక కుర్చీ. దాని చుట్టూ ఐదు స్పీకర్లు స్టాండ్ల మీద, ముందర మూడు, వెనుక రెండు, అన్నీ కుర్చీకి ఒకే దూరంలో టేపు పట్టి కొలిచి పెట్టినవి. లోతు శబ్దాలకు నేల మీద ఇంకో పెద్ద పెట్టె. దీన్ని సరౌండ్ అంటారట. ఆఖరి ఆరాధన రోజు చర్చిలో కూడా ఐదు మైకులు ఇట్లాగే పెట్టాడట, ముందర మూడు, వెనుక మూలలకు రెండు.

కుర్చీ ముందు బల్ల మీద పలకంత డబ్బా ఉంది. దాని మీద ఒక పెద్ద గుండ్రటి మీట, కింద రెండు వరసల బొత్తాలు. గుండ్రటిది తిప్పితే గదిలో మోత పెరుగుతుంది, తగ్గుతుంది. పై వరసలో ఒక్కో బొత్తం ఒక్కో స్పీకరు నోరు మూస్తుంది, మూసినట్టు గుర్తుగా ఎర్రదీపం వెలుగుతుంది. కింది వరస బొత్తం నొక్కితే ఆ ఒక్క స్పీకరే పలికి మిగిలినవన్నీ ఊరుకుంటాయి. మనిద్దరం మాట్లాడుకోవాలంటే అంతా ఒక్కసారిగా తగ్గించడానికి ఒక బొత్తం, ఇంట్లో టీవీలో ఎట్లా వినిపిస్తుందో చూసుకోవడానికి ఇంకొకటి. నా కోసం తెలుగులో చీటీలు రాసి అంటించాడు. ముందు ఎడమ, ముందు నడుమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి. 'వెనక'లో వత్తు పెట్టకుండా రాయడం ఇప్పటికైనా నేర్చుకున్నాడని సంతోషించాను.

"ఈ డబ్బాతో మీరు ఏం చేసినా ఈ గదిలో మన చెవి వరకే టీచరమ్మా. రికార్డు దాని పాటికి అది ఉంటాది" అన్నాడు.

తలూపాను. పాఠం అర్థం కాని పిల్లలు నా ముందు ఎట్లా తలూపేవాళ్లో అట్లా.

పాట మొదలైంది. ఎండిన నా నేల పాటే. ముందు బల్ల దగ్గరి కుర్రవాళ్ల గొంతులు, ఎడమన మగవాళ్ల బరువు, పాత తలుపు కిర్రుమనడం, ఎక్కడో పైన పిచ్చుక. కళ్లు మూసుకుంటే పడగొట్టేసిన గోడలు లేచి నిలబడ్డాయి. అంతలో నా కుడి భుజం వెనుకనుంచి, దగ్గరగా, అక్క గొంతు. ఉలిక్కిపడి వెనక్కి తిరిగాను. స్టాండు మీద నల్లటి పెట్టె ఉంది, అంతే. ప్రకాశం చెప్పింది నిజమే. అందరూ సాగదీస్తున్న చోట ఆమె మాటలు అడ్డంగా పడుతున్నాయి. రాగం లేదు, తొందర ఉంది. నా ముఖం వేడెక్కింది. ఖాజా చూస్తున్నాడేమోనని సిగ్గుపడ్డాను.

ఆ రోజు శుక్రవారం. ఖాజా గడియారం చూసుకొని లేచాడు. "మీరు ఇంటాండండి. నమాజుకు పోయి బేగా వొచ్చేస్తా."

"నేనేమైనా నొక్కొచ్చా?"

"నొక్కండి టీచరమ్మా, ఏమీ గాదు" అంటూ టోపీ పెట్టుకొని దిగిపోయాడు. పాట అయిపోతే మళ్లీ మొదటినుంచి వచ్చేట్టు పెట్టి పోయాడు.

నేను 'వెనక కుడి' అని రాసి ఉన్న పై బొత్తం నొక్కాను. ఎర్రదీపం వెలిగింది. అక్క లేదు. పాట కడిగిన గిన్నెలాగా అయిపోయింది. అందరూ ఒక్కసారి మొదలుపెట్టి ఒక్కసారి ఆపుతున్నారు, అచ్చం బోర్డింగు పాట. నాకు హాయిగా అనిపించింది. ఆ హాయిని దాచుకుంటే ఈ రాత అబద్ధమవుతుంది. పాట రెండోసారి తిరిగింది. మూడో చరణం దగ్గర ఏదో తక్కువైనట్టు, చర్చి వెనుక గోడ లేకుండా మేమంతా ఎండలో నిలబడి పాడుతున్నట్టు తోచింది. ఆమెను వెనక్కి తెద్దామని నొక్కాను. కళ్లద్దాలు నుదుటి మీద ఉన్నాయి. నొక్కింది పక్క బొత్తం. ఎడమ వెనుక కూడా పోయింది. అది సరిచేద్దామని ఇంకొకటి, దాన్ని సరిచేద్దామని మరొకటి. చివరికి ఐదు ఎర్రదీపాలు వరసగా వెలుగుతున్నాయి, గదిలో ఒక్క గొంతు లేదు. గుండ్రటి మీటను చివరిదాకా తిప్పాను. ఏమీ రాలేదు.

ఖాజా చెప్పిన మాట ఆ క్షణంలో నా బుర్రలో లేదు. పోయింది, సంఘమంతా పోయింది, పడగొట్టిన గుడి మళ్లీ పడిపోయింది, ఈసారి నా చేతితో అనుకున్నాను. ముందు పోగొట్టింది మా అక్కను, అదీ కావాలని. మిగిలింది ఆ తప్పుకు శిక్ష. నాకు తెలిసిన పని ఒక్కటే. కుర్చీలోంచి దిగి, ఆ మెత్తటి తివాచీ మీద మోకాళ్లూనాను. ఖాజా టోపీతో లోపలికి వచ్చేసరికి అట్లాగే ఉన్నాను.

"ఏమైంది టీచరమ్మా? పడినారా?"

"లేదప్పా. సంఘాన్నంతా చంపేసినాను."

అతను డబ్బా వైపు చూశాడు, నా వైపు చూశాడు. నవ్వు ఆపుకోవడానికి గడ్డం నిమురుకున్నాడు. ముందు గుండ్రటి మీటను కిందికి తిప్పాడు. "అట్లనే ఇడిస్తే ఇద్దరి చెవులూ పోతుండె" అన్నాడు. తర్వాత ఒక్కొక్క బొత్తం నొక్కాడు. దీపాలు ఒక్కొక్కటే ఆరాయి, గొంతులు ఒక్కొక్కటే వచ్చాయి. చివర అక్క వచ్చింది.

"అంతా ఆడనే ఉంది. మీరు మూసింది మీ చెవులు టీచరమ్మా, వాళ్ల నోర్లు గాదు."

నేను కుర్చీ పట్టుకొని లేచాను. అతను మామూలుగానే అన్నాడు గాని నాకు ఏ ప్రసంగమూ అంత గట్టిగా తగల్లేదు. నేను తీసేశాననుకున్నంతసేపూ ఆమె పాడుతూనే ఉంది. నాకు హాయిగా అనిపించిన ఆ చరణాలన్నింటిలోనూ ఆమె ఉంది.

"ప్రకాశమన్న చెప్పినాడు, శాంతమ్మ పెద్దమ్మ గొంతు తీయాలని. నిజంగా తీయాలంటే ఈ డబ్బాతో గాదు, కంప్యూటర్లో తీయాల. మీరు ఊ అంటే తీసేస్తా."

"ఆమెదొక్కటే ఒకసారి వినిపించు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. చివరిసారి వినాలనే అనుకున్నానేమో.

కింది వరస బొత్తం నొక్కాడు. నాలుగు స్పీకర్లు ఊరుకున్నాయి. వెనుక కుడిది మాత్రం పలికింది. "ఎండిన నా నేలపై మంచువై దిగుమయా." ఒక్క గుక్కలో, గబగబా, రాగం లేకుండా. మా నాయన తీరే అది. చివరి అక్షరాన్ని కిందికి విసిరే పద్ధతి కూడా ఆయనదే. ఆ మాట అయిపోగానే, నేను అంతవరకూ విననివి, సన్నటి గొంతులు మూడో నాలుగో రాగంలో అందుకున్నాయి. అవి సాగుతుండగానే అక్క తర్వాతి వరసను వదిలింది. వాళ్లు దాన్ని పట్టుకున్నారు. పాట చివరిదాకా అంతే. ఒక్కచోట తప్పు లేదు.

"నేనూ గమనించలే" అన్నాడు ఖాజా మెల్లగా. "అంతా కలిపి ఇంటే ఇది యాడ ఇనపడ్తాది?"

"నా కుర్చీ ఆ మూలకు జరపప్పా."

"ఆడ కూసుంటే లెక్క తప్పుతాది టీచరమ్మా. అన్నీ సమానంగా ఇనపడేది నడుమనే."

"మా గుడిలో నడుమ కూర్చున్నవాళ్లు ఎవరు చెప్పు?"

అతను కుర్చీ జరిపాడు. అక్కడ కూర్చొని ఐదూ కలిపి విన్నాను. అక్క ముందు చెబుతోంది, మా వైపు ఆడవాళ్లు అందుకుంటున్నారు, ఆ తర్వాతే దూరంగా మిగిలిన సంఘం. ఇక్కడినుంచి వింటే అడ్డంగా పడుతున్నది ఆమె కాదు. ముందు వరసల మేమే తొందరపడుతున్నాం. మళ్లీ నడుమకు వచ్చి విన్నాను. మళ్లీ ఆమె అడ్డం. రెండు చోట్లా నా చెవులు అవే, పాటా అదే. మందిరంలో పడుకున్న పిల్లవాణ్ని దేవుడు పేరు పెట్టి పిలిస్తే, అతను ముసలి యాజకుడు పిలిచాడనుకొని మూడుసార్లు పరుగెత్తిన కథ ఆదివారపు బడిలో ఎన్నిసార్లో చెప్పాను. పిల్లవాడి విధేయత గురించే చెప్పేదాన్ని. విన్నది సరిగ్గానే విని, ఎవరి దగ్గరికి పోవాలో తెలియక చీకట్లో నిలబడిన అతని అయోమయం గురించి ఎప్పుడూ చెప్పలేదు.

ప్రకాశానికి ఫోను చేశాను. అతను ఒప్పుకోలేదు. "ఇప్పుడు అందించే పనేముందక్కా? గుడిలో టీవీ పెట్టినాం, పాటలన్నీ దాంట్లో పడ్తాండాయి. ఆయమ్మకు మతి ల్యాక ఏదో అంటాది. ప్రతిష్ఠకు పెద్దపెద్దోళ్లు వస్తారు, నవ్వుతారు."

"ఆదివారం వస్తాను. అంతవరకూ ఏమీ తీయొద్దని ఖాజాకు చెప్పాను."

ఆ ఆదివారం శిరివెళ్ల మీదుగా బస్సులో పోతూ నాయన గురించే ఆలోచించాను. చివరి రోజుల్లో ఆయనకు కళ్లలో పొర వచ్చింది. అయినా పుస్తకం చేతిలో పెట్టుకొని అందిస్తూనే ఉండేవాడు. అప్పుడు ఆయన నడక మారింది. ప్రతి చరణానికీ వెనుక కుడివైపు మూలకే పోయి, తల వంచి, కాసేపు ఆగి, తర్వాత అందించేవాడు. ఆ మూల అక్క కూర్చునేది. ముసలమ్మల గొంతులు వినడానికి పోతున్నాడని మేమంతా అనుకున్నాం. ఆయనకు ఎవరు అందించారో ఇప్పుడు ఎవరిని అడగాలి? నాయన లేడు. అక్కకు నిన్నటిదే గుర్తులేదు. నేను సెలవులకు వచ్చి, ముందు వరసలో పుస్తకం తెరిచి, అందించేదాకా ఆగకుండా ముందే పాడేసేదాన్ని. అంతదూరంనుంచి నాకేం వినిపిస్తుంది?

కొత్తది పూర్తయ్యేదాకా ఆరాధన రేకుల షెడ్డులో జరుగుతోంది. ముందర టీవీ. ముందు వరసలో నా కోసం ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంచుతారు. ఆ రోజు దాన్ని దాటి వెనుకకు పోయి, కుడివైపు మూల చాప మీద కూర్చున్నాను. అక్క పక్కన కూలిపనికి పోయే ముసలమ్మలు నలుగురున్నారు. టీవీలో పాట కనిపిస్తోందా అని సుందరమ్మను అడిగాను.

"చీమలు పాకినట్టు కనపడ్తాది టీచరమ్మా. దగ్గరికి పోయి చూసినా మాకేం తెలుస్తాది? అక్క అందిస్తాది, మేము పాడ్తాం. అన్నం తినిందో లేదో అక్కకు తెల్దు గానీ, పాటలో ఒక్క మాట తప్పదు." పక్కామె నవ్వి, "మొన్న పాదిరయ్య తప్పు పాడితే ఆయన్నే కసిరింది" అంది.

ప్రకాశం ఆ మూల కిటికీ అవతల నిలబడి విన్నాడు. ఆడవాళ్ల వైపు కూర్చోలేడు కదా, నేనే అక్కడ నిలబడమన్నాను. ఆరాధన అయ్యాక మెడ రుద్దుకుంటూ వచ్చి, "ఉండనీలే అక్కా. నవ్వేటోళ్లు నవ్వనీ" అన్నాడు. ప్రతిష్ఠ రోజున ఐదు స్పీకర్లూ మోగాయి. ముందు కూర్చున్న పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనుక కుడివైపు కూర్చున్నవాళ్లు మాత్రం ఆ స్పీకరు అందించగానే అందుకున్నారు, పిలుపు వచ్చినట్టు. నేను ఇంకా తేల్చుకోలేదు. అక్క ఆ నలుగురికే అందిస్తోందా, లేక నాయన కాలం నాటి సంఘమంతా తన ముందు కూర్చొని ఉందనుకుంటోందా, నాకు తెలియదు. నడుమ కూర్చుంటే సరైనది వినిపిస్తుందని ఖాజా అంటాడు. తిరుగుతుంటే తప్ప తెలియదని నాయన అనేవాడు. నాకు ఇప్పుడు తిరిగే మోకాళ్లు లేవు.

ప్రతిష్ఠకు ముందు, షెడ్డులో నేను ఆ మూల కూర్చున్న ఆదివారం, పాట మొదలయ్యే ముందు అక్క నా వైపు తిరిగింది. ముఖమంతా వెతికి చూసింది. నా ఒళ్లో పాటల పుస్తకం ఉంది, కళ్లద్దాలు చేతిలో ఉన్నాయి.

"యవురమ్మా నువ్వు? కొత్తగా వొచ్చినావా?"

ఆమె నా మోచేయి మీద చేయి వేసింది.

"సదువు రాదా నీకి?"

పలక తుడిచి నా పెట్టెలో పెట్టిన చేయి అది.

"రాదక్కా" అన్నాను.

"ఏం పర్వాల్యా. నేను అందిస్తా. నా ఎనకాలే పాడు, ముందు పోవాకు."

పుస్తకం మూసి చాప కింద పెట్టాను. ముందర ఎవరో పాట ఎత్తుకున్నారు. నేను పాడలేదు. ఆమె చెప్పేదాకా ఆగాను.